తమ్ముడి బోటు అల్యూమినియంతోనా, ఫైబర్‌తోనా?

పడవలు, ఫైబర్ పని, ఇంజన్ల మీద పాఠకుల ప్రశ్నలకు కర్నూలు నుంచి ఒక ఫైబర్ మేస్త్రి జవాబులు

ప్రశ్న: శ్రీశైలం వెనుక జలాల్లో చేపలు పడతాం. మా ఫైబర్ పుట్టి అడుగున శనగ గింజంత బుడగలు లేచాయి. గీకి పెయింటు వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు, నంద్యాల జిల్లా

జవాబు: ఇప్పుడే పెయింటు వేయొద్దు. ఆ బుడగల్లో నీళ్లున్నాయి. పైన పెయింటు వేస్తే ఆ నీళ్లను లోపలే పెట్టి మూత వేసినట్టు అవుతుంది. ఒక బుడగను మేకుతో పొడిచి చూడండి. కళ్లకు అద్దాలు పెట్టుకునే పొడవండి, ఆ నీళ్లు చిమ్ముతాయి. వేలికి జిగటగా తగిలి వెనిగర్ లాగా పుల్లటి వాసన వస్తే, నీరు జెల్‌కోటు (పైన మెరిసే పూత) దాటి, గాజు పోగుల్ని పట్టి ఉంచే లోపలి రెజిన్ అనే జిగురులోకి చేరిందని అర్థం.

సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజుల్లో మీ దగ్గర నీళ్లు ఎట్లాగూ వెనక్కి పోతాయి. అప్పుడు పుట్టిని ఒడ్డుకు తెచ్చి బోర్లించండి. బుడగలన్నీ గ్రైండర్‌తో తెరిచి, మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడగండి. నీడన, గాలి ఆడే చోట మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక ఎపాక్సీ అనే రకం రెజిన్ పుట్టీతో నింపి, పైన ఎపాక్సీ పూత వేయండి. పాత ఫైబర్ మీద మామూలు పాలియెస్టర్ రెజిన్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. అక్కడ తొందరపడితే వచ్చే ఏడు మళ్లీ అవే బుడగలు.

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, మైపాడు దగ్గర ఒక పాలెం. పన్నెండేళ్ల కింద కడపకు వచ్చి అల్యూమినియం కిటికీలు, తలుపులు, పార్టిషన్లు చేసే షాపు పెట్టుకున్నాను. మా తమ్ముడు ఊళ్లోనే ఉండి సముద్రం మీద వేటకు పోతున్నాడు. వాడి పాత ఫైబర్ బోటు అడుగు అరిగిపోయి నీళ్లు వస్తున్నాయి. కొత్తదానికి సగం డబ్బు నేనిస్తానన్నాను. అల్యూమినియం పని నా చేతిలోనే ఉంది, రేకు హోల్‌సేల్ ధరకు వస్తుంది. 28 అడుగుల బోటు కడపలో నేనే చేసి లారీలో పంపుదామని నా ఆలోచన. విదేశాల్లో చాలామంది అల్యూమినియం బోట్లలోనే వేటకు పోతున్నారు, బండకు తగిలినా పగలవట. తమ్ముడేమో 'ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, నాకు ఫైబరే కావాలి' అంటున్నాడు. దీని మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తోడబుట్టినవాడు ఎక్కే బోటు సొంత చేతులతో చేసివ్వాలన్న మీ ఆశ నాకు అర్థమైంది. అందుకే నాన్చకుండా ముందే చెబుతున్నాను. మీ పాలెం ఒడ్డుకు, మీ తమ్ముడి వేటకు ఫైబరే సరైనది. అయితే మీ తమ్ముడు చెప్పిన కారణం మాత్రం సరికాదు. ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయన్నది సగం మాట. మిగతా సగం తెలియక నేను ఒకప్పుడు ఒక మనిషికి నష్టం చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ షాపులో ఉన్న సరుకు సంగతి చూద్దాం. కిటికీలకు, తలుపులకు మీరు కోసే సెక్షన్లు దాదాపు అన్నీ 6063 రకం. మెగ్నీషియం, సిలికాన్ కలిపిన అల్యూమినియం అది. మురుకుల గొట్టంలో పిండి నొక్కినట్టు అచ్చులోంచి నొక్కి తీస్తారు కాబట్టి మూలలు, గాడులు అంత నున్నగా వస్తాయి. కిటికీకి దాన్ని మించింది లేదు. సముద్రం బోటుకు వాడేది వేరే జాతి: 5083, 5086. 5083లో మెగ్నీషియం 4 నుంచి 4.9 శాతం దాకా ఉంటుంది. చిన్న బోట్లకు 5052 కూడా వాడతారు, అందులో మెగ్నీషియం రెండున్నర శాతం దగ్గర ఉంటుంది. సముద్రానికి పనికొచ్చే 5083 రేకు మీద హెచ్116 అనో హెచ్321 అనో గుర్తు ఉంటుంది, దాంతోపాటు మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఉంటుంది. పార్టిషన్లకు మీకు హోల్‌సేల్‌లో వచ్చే పలుచని రేకుతో దీనికి పోలికే లేదు. చూడ్డానికి రెండూ ఒకేలా తెల్లగా మెరుస్తాయి, మోసపోయేది కూడా అక్కడే.

ఇంకొకటి. కిటికీ పని అంటే కోత, స్క్రూ, రివెట్, సిలికాన్. బోటు పని అంటే వెల్డింగు. 28 అడుగుల పొడవున ఒక్క చుక్క నీరు దూరకుండా, అలలు రోజుకు వేలసార్లు కొట్టినా విడిపోకుండా అతకాలి. అల్యూమినియం 660 డిగ్రీల వేడికే కరుగుతుంది. దాని మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొరను అల్యూమినియానికి మాత్రమే వాడే స్టీలు బ్రష్‌తో గీకకుండా వెల్డింగు చేస్తే పైకి చక్కగా కనిపిస్తుంది, లోపల అతుకు పడదు. మీ 6063తో అయితే ఇంకో కష్టం ఉంది. వేడి తగిలినచోట దాని బలం సగం దాకా పోతుంది. అంటే బోటుకు ఎక్కడ బలం కావాలో సరిగ్గా అక్కడే మెత్తబడుతుంది. మీ చేతి పనిని తక్కువ చేసి చెప్పడం లేదు. మంచి వడ్రంగిని పిలిచి ఇంటికి స్లాబు వేయమంటే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే.

ఇక ఉప్పు మాట. సరైన రకం అల్యూమినియం సముద్రంలో ఒంటరిగా ఉంటే దానికి ఏమీ కాదు. గాలి తగిలీ తగలగానే తన మీద తానే ఒక పొర కప్పుకుంటుంది. బయటి దేశాల్లో అసలు పెయింటే వేయకుండా ఏళ్ల తరబడి సముద్రంలో తిప్పే అల్యూమినియం పని బోట్లు ఉన్నాయి. దానికి చావు వచ్చేది పక్కన ఇంకో లోహం చేరినప్పుడు. రాగి, ఇత్తడి, కంచు, స్టెయిన్‌లెస్ స్టీలు ఏదైనా సరే, అల్యూమినియాన్ని తాకుతూ ఉప్పునీళ్లలో తడిస్తే అక్కడ బ్యాటరీలో జరిగే పనే జరుగుతుంది. రెండింట్లో బలహీనమైనది అల్యూమినియం కాబట్టి అదే కరుగుతుంది.

మీరిది చూసే ఉంటారు. ఈసారి ఊరికి పోయినప్పుడు సముద్రానికి దగ్గరున్న ఏ ఇంట్లోనైనా నాలుగైదేళ్ల కిందటి అల్యూమినియం కిటికీ దగ్గర నిలబడండి. స్క్రూ తల చుట్టూ తెల్లటి పొడి, సున్నం రాలినట్టు ఉంటుంది. గోరుతో గీకితే కింద గుంత కనపడుతుంది. కడపలో మీరు బిగించిన కిటికీకి అంతే ఏళ్లు గడిచినా అది కనపడదు, ఇక్కడి గాలిలో ఉప్పు లేదు కాబట్టి. కిటికీ అయితే ఒక స్క్రూ వదులవుతుంది, అంతే. బోటుకు అదే గుంత అడుగున పడుతుంది.

నా సంగతి చెబుతానన్నాను కదా. నేను పుట్టింది నందికొట్కూరు దగ్గర. పందొమ్మిదో ఏట పనికోసం కాకినాడ పోయి ఫైబర్ బోట్ల యార్డులో చేరాను. 2003లో, అప్పటికి మేస్త్రినయ్యాను, ఒకాయన 20 అడుగుల అల్యూమినియం బోటు తెచ్చి అడుగున పెయింటు వేయమన్నాడు. చెక్క బోట్లకు, ఫైబర్ బోట్లకు అడుగున నాచు, గుల్లలు పట్టకుండా ఎర్ర పెయింటు వేస్తాం. అందులో ఉండేది రాగి. ఆ రాగికే గుల్లలు చస్తాయి. అలవాటు చొప్పున అదే డబ్బా విప్పి రెండు పూతలు వేసి పంపించాను. ఆరో నెలలో ఆయన కబురు పంపాడు. బోటు పైకి లాగించి చూస్తే పెయింటు అక్కడక్కడా ఉబ్బి ఉంది. ఒక ఉబ్బును స్క్రూడ్రైవర్‌తో తీస్తే లోపల పెరుగులాంటి తెల్లటి ముద్ద. దాన్ని తుడిచి స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొద్దిగా నొక్కాను. దిగిపోయింది. అవతలివైపు నుంచి వెలుతురు కనపడింది. అట్లాంటివి పదకొండు లెక్కపెట్టాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, ఆ బోటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రేకు మార్పించడానికి అప్పు తెచ్చి ఇచ్చాను. ఆయనకు పోయిన పని రోజులు మాత్రం నేను తెచ్చివ్వలేకపోయాను.

అందుకని అల్యూమినియం బోటు ఉన్నవాళ్లు ఎవరు ఇది చదివినా సరే, నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. రాగి ఉన్న పెయింటు దగ్గరికి రానీయొద్దు. ఇత్తడి వాల్వు గానీ స్టీలు బోల్టు గానీ నేరుగా బిగించొద్దు, మధ్యలో నైలాన్ లేదా రబ్బరు వాషరు, బోల్టుకు నైలాన్ తొడుగు ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీగను బోటు ఒంటికి కలపొద్దు. తడిసిన గోనెసంచి, చెక్క, స్పాంజి ఏదైనా రేకుకు అతుక్కుని ఉంటే అక్కడ గాలి ఆడక గుంతలు పడతాయి, రోజూ తీసి కడగండి. అడుగున జింకు దిమ్మెలు బిగిస్తే బోటుకు బదులు అవి కరుగుతాయి. సగం కరగ్గానే మార్చాలి. ఇవన్నీ పాటిస్తే అల్యూమినియం ఒక తరం నడుస్తుంది.

మరి అంత మంచిదైతే మీ తమ్ముడికి ఎందుకు వద్దంటున్నాను?

అలాస్కాలో, నార్వేలో, ఆస్ట్రేలియాలో అల్యూమినియం బోట్లు వాడతారన్నది నిజమే. అక్కడ చాలాచోట్ల ఒడ్డు అంటే బండలు. ఫైబర్ బండకు తగిలితే పగులుతుంది, అల్యూమినియం సొట్ట పడి నిలబడుతుంది. అక్కడి రేవుల దగ్గర 5083 రేకు దొరుకుతుంది, ఆర్గాన్ వెల్డింగు తెలిసినవాళ్లు దొరుకుతారు. మీ పాలెంలో ఒడ్డు అంటే ఇసుక. రోజూ బోటును అలల్లోంచి ఇసుక మీదికి లాగాలి, మళ్లీ తోయాలి. బండ భయం తక్కువ, అరుగుదల ఎక్కువ. ఇసుక రాపిడికి ఫైబర్ అరుగుతుంది, అల్యూమినియమూ అరుగుతుంది. తేడా వచ్చేది అరిగిన తర్వాత. ఫైబర్ అయితే ఒక గ్రైండరు, రెండు కిలోల రెజిన్, నాలుగు మూరల మ్యాటు (గాజు పోగుల చాప) ఉంటే మీ పాలెంలోనే చెట్టు కింద బోర్లించి ఒక్క పూటలో అతికేస్తారు. ఆ పని తెలిసిన కుర్రాళ్లు ప్రతి పాలెంలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అల్యూమినియానికి చీలిక పడితే ఆ సముద్రపు గాలిలో వెల్డింగు కుదరదు. అతుకును కాపాడే ఆర్గాన్ గ్యాసును గాలి ఎగరగొట్టేస్తుంది. బోటును షెడ్డుకు మోయాలి, లేదా వెల్డరును వెతికి తేవాలి. ఆ రోజులన్నీ వేట ఉండదు. వలలకు తెచ్చిన అప్పు మాత్రం ఆగదు.

ఇంజను కూడా ఉంది. మీ తమ్ముడిది లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజను (పొడవాటి కడ్డీ చివర ఫ్యాను తిరిగేది) అయి ఉంటుంది, మన తీరంలో ఎక్కువమంది వాడేది అదే. ఒక్క సిలిండరు డీజిల్ ఎంత అదురుతుందో ఆ బోటులో కూర్చున్నవాళ్లకే తెలుసు, దిగాక కూడా అరిచేతులు జుమ్మంటుంటాయి. అల్యూమినియం ఆ అదురుకు లోలోపల అలసిపోతుంది. వెల్డింగు గీత అంచున వెంట్రుకంత పగులు మొదలై, పెరిగి, ఒకరోజు తెరుచుకుంటుంది. ఫైబర్ ఆ అదురును కొంత తనలో కలిపేసుకుంటుంది.

బరువు గురించి కూడా చాలామందిలో ఒక భ్రమ ఉంది. అల్యూమినియం బోటు గాలిలో తేలినట్టు ఉంటుందనుకుంటారు. 4 మిల్లీమీటర్ల 5083 రేకు చదరపు మీటరుకు 10 కిలోల 600 గ్రాములు తూగుతుంది. 8 మిల్లీమీటర్ల ఫైబర్ దాదాపు 12 కిలోలు. తేడా ఉంది కానీ, ఒడ్డుకు లాగే నలుగురు ముగ్గురయ్యేంత తేడా కాదు.

మన తీరానికి ఫైబర్ ఊరికే రాలేదు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తరఫున 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్లు 1980ల్లో అలలు దాటి ఇసుక మీదికి లాగే బోట్ల మీద పనిచేశారు. తెప్పలకు కావాల్సిన దుంగలు కరువైపోతున్న కాలం అది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాతైతే తీరమంతా ఫైబర్ బోట్లే నిండిపోయాయి. అప్పుడు హడావుడిగా పోసిన బోట్లు నా చేతికి రిపేరుకు చాలా వచ్చాయి. కొన్నిట్లో నాలుగు పొరలు ఉండాల్సినచోట రెండే ఉండేవి. 'ఫైబర్ నిలవదు' అన్న మాట అట్లాంటి బోట్ల నుంచే పుట్టింది. తప్పు ఫైబర్‌ది కాదు, పోసిన చేతిది.

అందుకే అసలు విషయం ఇప్పుడు చెబుతాను, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. అల్యూమినియమా ఫైబరా అని మీరిద్దరూ తగువుపడ్డ దానికంటే, ఆ ఫైబర్ లోపల ఏముందన్నది పది రెట్లు ముఖ్యం. రంగు వేశాక మంచి బోటూ చెడ్డ బోటూ ఒకేలా మెరుస్తాయి.

450 మ్యాటు అంటే చదరపు మీటరుకు 450 గ్రాముల గాజు. అది ఒక పొర పోస్తే దాదాపు 1 మిల్లీమీటరు మందం వస్తుంది, కిలో రెజిన్ తాగుతుంది. 8 మిల్లీమీటర్ల అడుగు అంటే అటూ ఇటూగా ఎనిమిది పొరలు, మధ్యమధ్యలో బట్టలా నేసిన రోవింగు పొరలు. అడుగున వెన్నులా ఉండే కీల్ దగ్గర, ఇసుకకు రాసుకునేచోట, ఇంకో మూడు నాలుగు పొరలు ఎక్కువ వేయించండి. పాత బోటు అరిగింది అక్కడే అని మీరే రాశారు. యార్డులో ఖర్చు మిగుల్చుకునేవాళ్లు చేసే పని ఏమిటంటే పొరలు తగ్గించి, రెజిన్‌లో సుద్దపొడి కలిపి మందం తెస్తారు. టేపు పెట్టి కొలిస్తే 8 మిల్లీమీటర్లే ఉంటుంది. బలం ఉండదు.

దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. బోటుకు నీళ్లు పోయే కన్నం తొలిచినప్పుడు రూపాయి బిళ్లంత ముక్క ఊడివస్తుంది. ఆ ముక్క నాకివ్వండని ముందే చెప్పి పెట్టండి. ఆరుబయట, గాలి మీ వీపుకు తగిలేలా నిలబడి, రేకు ముక్క మీద పెట్టి కాల్చండి. నల్లటి పొగ వస్తుంది, పీల్చొద్దు. రెజిన్ అంతా కాలిపోయాక గాజు మిగులుతుంది. చల్లారాక పిన్నీసుతో ఒక్కో పొర విడదీయండి. ఉల్లిపొరల్లా వస్తాయి. లెక్కపెట్టండి. మేస్త్రి చెప్పిన లెక్క సరిపోవాలి. గాజుతో పాటు తెల్లటి పొడి రాలితే అది సుద్ద. నేను కర్నూలులో నా షెడ్డులో పుట్టి పోసినా, పెద్ద బోటు పోసినా ఈ ముక్కను కాల్చి, మిగిలిన గాజును ఒక కవరులో పెట్టి ఓనరుకు ఇస్తాను.

ఆర్డరు ఇచ్చేటప్పుడు అడగాల్సినవి ఇంకొన్ని. రెజిన్ ఐసోఫ్తాలిక్ రకమేనా? మామూలు ఆర్థో రకం కంటే అది నీళ్లకు బాగా తట్టుకుంటుంది. కనీసం జెల్‌కోటు వెనక మొదటి పొరలకైనా అదే వాడమనండి. ఇంజను కూర్చునేచోట లోపల చెక్క దిమ్మె పెడతారు. అది ఎండిన గట్టి చెక్క అయి ఉండాలి, అన్ని వైపులా ఫైబర్ కప్పాలి. తర్వాత వేసే ప్రతి బోల్టు కన్నం లోపల రెజిన్ పూయాలి. ఒక్క కన్నం వదిలేసినా నీళ్లు దూరి లోపల చెక్క పుచ్చిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. పూర్తయ్యాక రూపాయి బిళ్లతో బోటంతా కొట్టుకుంటూ రండి. ఠంగుమని మోగితే మంచిది. డబ్‌డబ్‌మని చప్పగా వినపడినచోట పొరలు విడిపోయి ఉన్నట్టు, సుద్దముక్కతో గీత గీసి మేస్త్రికి చూపించండి.

ప్రాణం సంగతి మర్చిపోవద్దు. ఫైబర్ నీళ్లకంటే బరువైనది, అల్యూమినియమూ అంతే. బోటు తిరగబడి నీళ్లు నిండితే రెండూ మునుగుతాయి. ముందు భాగంలో, వెనక, పక్కల్లో మూసిన గదులు చేయించి ఫోమ్ నింపించాలి. ఒక ఘనపు మీటరు ఫోమ్ దాదాపు ఒక టన్నును తేలుస్తుంది. అది పఫ్ (పాలియురేతేన్) ఫోమ్ అయి ఉండాలి, థర్మాకోల్ కాదు. పాలియెస్టర్ రెజిన్ తగిలితే థర్మాకోల్ కళ్లముందే కరిగిపోతుంది. మూత మూసేశాక లోపల ఖాళీ గది తప్ప ఏమీ మిగలదు. బోటు బోల్తాపడి, పైకి తేలిన అడుగును పట్టుకుని రాత్రంతా గడిపి బతికి వచ్చినవాళ్లను కాకినాడలో చూశాను. వాళ్లను బతికించింది ఆ ఫోమే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం కదా. బోటు ఆ రోజుల్లో పోయించాలనుకుంటారు అందరూ. అప్పుడు యార్డుల్లో రద్దీ, రద్దీలో తొందర. నా మాట వింటే ముందే, సంక్రాంతి దాటగానే మొదలుపెట్టించండి. ఎండ మరీ ముదరదు, రెజిన్ నిదానంగా గట్టిపడుతుంది. రిజిస్ట్రేషన్ తమ్ముడి పేరు మీదే చేయించండి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ మెరైన్ ఫిషింగ్ రెగ్యులేషన్ యాక్టు కింద మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు వేటకు పోయే మనిషి దగ్గర ఉండటమే మంచిది. డబ్బు మీరిద్దరూ చెరిసగం పెట్టినట్టు ఒక కాగితం రాసుకోండి.

ఇక మీ చేతి పని. షాపు వారం రోజులు ఎవరికైనా అప్పజెప్పి, బోటు పోసే రోజుల్లో బద్వేలు మీదుగా నెల్లూరు బస్సెక్కి యార్డుకు పోండి. ఒక చిన్న తూకం వెంట తీసుకెళ్లండి. కిలో రెజిన్‌కు దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ 10 నుంచి 20 గ్రాములు. మేస్త్రులు చాలామంది కంటి అంచనాతో పోస్తారు. మీరు పక్కన కూర్చుని తూచి ఇవ్వండి. ఒక్క జాగ్రత్త, రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే కోబాల్ట్ సీసా, హార్డ్‌నర్ సీసా పక్కపక్కన పెట్టనివ్వొద్దు. రెండూ నేరుగా కలిస్తే మండుతాయి, పేలనూవచ్చు. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డ్‌నర్ పోయాలి.

మ్యాటు పరిచి రెజిన్ పూశాక పొరల మధ్య గాలి బుడగలు ఉండిపోతాయి. వాటిని తీయడానికి ఒంటినిండా గాట్లున్న రోలరుతో అదిమి దొర్లిస్తారు. తెల్లగా కనిపించే బుడగ రోలరు కింద అంచుదాకా జరిగి, పక్కనుంచి తప్పించుకుపోతుంది, మ్యాటు గాజులా పారదర్శకంగా మారుతుంది. ఆ రోలరు అల్యూమినియంతో చేసిందే. మీ షాపులో లేతు ఉంటే, లేదా పక్కన ఎవరికైనా ఉంటే, రెండంగుళాల కడ్డీ తీసుకుని గాట్లు కొట్టించి అట్లాంటిది ఒకటి చేసుకుపోండి. కీల్ దగ్గరి పొరలు వేసేటప్పుడు మేస్త్రిని అడిగి ఆ రోలరు మీరే నడపండి.